విశేషణాలు కొట్టేసి చదవమన్న సారు

ఆదివారం పొద్దున ప్రార్థనకు బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. నల్లగొండ నుంచి మిత్రుడు. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో నా పక్క బెంచీలో కూర్చున్నవాడు, ఇప్పుడు నల్లగొండలోనే జూనియర్ కాలేజీలో లెక్చరర్. "అక్కా, సారు పోయిండు" అన్నాడు. ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరికీ చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, ముందూ వెనకా ఏ పేరూ లేకుండా సారు అంటే ఒక్కరే.

ఎల్బీనగర్‌లో వాళ్ళింట్లో, పొద్దుటి కాఫీ తాగి, వరండాలో పేపరు చదువుతూ అలాగే ఒరిగిపోయారట. ఆయన పోయిన సంగతి మర్నాడు ఏ పేపర్లోనూ రాలేదు. నేను పేపర్లోనే పనిచేస్తాను కాబట్టి ఎవరి చావు వార్త అవుతుందో, ఎవరిది కాదో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న తాపీమేస్త్రీ. పని వెతుక్కుంటూ ఊరు విడిచివచ్చి కర్మన్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అందులోనే నేను పెరిగాను, డిగ్రీ చదివాను. గ్రూప్స్ రాస్తానంటే నాన్న కాదనలేదు. అలా దిల్‌సుఖ్‌నగర్‌కు చేరాను. మాకు అంతర్జాతీయ వ్యవహారాలు చెప్పడానికి వచ్చిన మనిషి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ లేని తెల్లచొక్కాలో ఉన్నారు. వస్తూనే "కూర్చోండి, ఎలా ఉన్నారండీ అందరూ" అన్నారు. ఆ సెంటర్లో అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ మీరు అనలేదు. నా మిత్రుడు నావైపు వంగి, "గిది మననేనా అక్కా?" అని గుసగుసగా అడిగాడు. ఆయనది గుంటూరు వైపు. ఎన్నాళ్ళు హైదరాబాదులో ఉన్నా ఆ అండీ పోలేదు, మాలో ఎవరినీ ఏకవచనంలో పిలవనూ లేదు.

మొదటి క్లాసులోనే చైనా ఎత్తుకున్నారు. ఒక పాశ్చాత్య వారపత్రికలో వచ్చిన వ్యాసాన్ని జిరాక్సులు తీయించి అందరికీ పంచారు. చదివాక, అందులో ఏముందో చెప్పమని నా మిత్రుడిని లేపారు.

"చైనాల జనమంతా భయపడుకుంట బతుకుతున్నరు సార్. సర్కారు వాళ్ళని బొమ్మల్లెక్క ఆడిస్తున్నది" అన్నాడు వాడు.

"బాగా చెప్పారు. ఈ వ్యాసంలో చైనావాళ్ళు ఎంతమంది మాట్లాడారండీ?"

మళ్ళీ చదివాం. ఒక్కరే. ఆయన కూడా ఎప్పుడో దేశం విడిచి వెళ్ళినవాడు. మిగతా మాటలన్నీ లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో ఉండే నిపుణులవి.

"ఇప్పుడు పెన్ను తీసి విశేషణాలన్నీ కొట్టెయ్యండి" అన్నారు. కర్కశమైన, రహస్యమైన, దూకుడైన, అన్నీ కొట్టేశాం. పేజీ సగం నల్లబడింది. "మిగిలింది వార్త. కొట్టేసింది రాసినవాడి మనసు. రెండూ తెలుసుకోవాల్సిందే. కానీ ఒకదాన్ని ఇంకోటనుకోకూడదు."

ఆ మర్నాడు చైనా ప్రభుత్వమే అచ్చువేసే రంగుల పత్రిక తెచ్చారు. అదే పని చేయించారు. అది ఇంకా నల్లబడింది. "చూశారా, ఇందులో ఎవరికీ ఏ బాధా లేదు. అంత పెద్ద దేశంలో ఒక్కరికి పంటినొప్పి కూడా రాలేదండి" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఆ ప్రభుత్వం పేదల్ని పైకి తెచ్చిందన్నది నిజం. ఎదురు మాట్లాడినవాళ్ళని జైల్లో పెడుతుందన్నదీ నిజం. ఒక పత్రికలో మొదటిదానికి చోటు లేదు, రెండో పత్రికలో రెండోదానికి చోటు లేదు. మీ బుర్రలో రెండింటికీ చోటు ఉంచండి."

ఒకసారి బోర్డు మీద నిలువుగా గీత గీసి రెండు భాగాలు చేశారు. చైనా తక్కువ ధరకు సరుకులు తయారుచేసి అమ్మినన్నాళ్ళూ పాశ్చాత్య పత్రికలు దాన్ని ఏమన్నాయో ఎడమవైపు రాశారు. సంస్కరణల బాటలో నడుస్తున్న దేశం, మేలుకుంటున్న దేశం. ఆ చైనానే వాళ్ళ కంపెనీలతో పోటీకి దిగాక ఏమన్నాయో కుడివైపు రాశారు. ముప్పు, సవాలు, నిరంకుశత్వం. సుద్దముక్క కింద పెట్టి అడిగారు: "ఈ మధ్యలో అక్కడి ప్రభుత్వం మారిందాండీ?" లేదు, అదే పార్టీ. "జైళ్ళు అప్పుడు లేవా?" ఉన్నాయి. "మరి మారిందేమిటి?" అంతే, జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మీద హాస్టల్ మెస్సుల్లో చాలా పప్పు చల్లారిపోయింది.

వెనక బెంచీ నుంచి ఒకరు, "సార్, మీరు కమ్యూనిస్టా?" అని అడిగారు. అలా అడుగుతారని ఆయనకు ముందే తెలిసినట్టుంది. బల్ల అంచున కూర్చుని వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పారు. ఆ నాన్నగారు పల్లెటూరి బడిపంతులు. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, ఇంటికి చైనా పత్రికలు వస్తాయన్న కారణంతో పోలీసులు పట్టుకుపోయారు. ఊళ్ళో అందరూ చైనా ఏజెంటు అన్నారు. చాకలి బట్టలు ముట్టలేదు, బావి దగ్గర వాళ్ళమ్మగారిని చూసి ఆడవాళ్ళు పక్కకు జరిగారు. విడుదలై వచ్చాక కూడా ఆయన చైనా ప్రభుత్వం ఒక్క తప్పు చేసిందన్నా ఒప్పుకోలేదట. అక్కడి కరువులో జనం చచ్చారని చెబితే కొడుకు మీద చెయ్యి ఎత్తారట.

"మా నాన్న చైనాని గుడ్డిగా నమ్మారండి. మా ఊరు గుడ్డిగా తిట్టింది. ఇద్దరి మధ్య పెరిగినవాణ్ణి, నాకు కళ్ళు కావాలనిపించింది" అన్నారు సారు.

ఆ చలికాలంలో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన స్వెటర్లు అమ్ముకునే టిబెటన్ అమ్మ ఒకామెను క్లాసుకు పిలుచుకొచ్చారు. ఏటా చలికాలానికి వచ్చి వెళ్ళేవాళ్ళు వాళ్ళు. "ఇన్నాళ్ళూ పాశ్చాత్యుల చూపులో లోపాలు చెప్పాను. ఆ ప్రభుత్వం వల్ల ఇల్లూ వాకిలీ పోయిన మనిషి ఎదురుగా అదే మాట చెప్పలేకపోతే నా పాఠం ఉత్తదే" అని, తన కుర్చీ ఆమెకు వేసి, తాను మా మధ్య బెంచీలో కూర్చున్నారు.

ఆమె హిందీలో మాట్లాడింది. చిన్నప్పుడు తనను తల్లి వీపున కట్టుకుని మంచుకొండలు దాటించిందట. తాత ఏ జైల్లో పోయాడో ఇప్పటికీ తెలియదట. చివర్లో సారు, బయటి దేశాలవాళ్ళు మీ గురించి తీసే సినిమాలు, రాసే రాతలు ఎలా ఉంటాయని అడిగారు. ఆమె కాస్త ఆలోచించి, మేముండే చోటికి కెమెరాలతో వస్తారు, మంచివాళ్ళే, కానీ నేను ఏడిస్తేనే తీసుకుంటారు, మా అమ్మాయి పెళ్ళి గురించి చెబుతూ నవ్వితే కెమెరా ఆపేస్తారు అంది. ఆమె వెళ్ళాక సారు ఒక్కమాట కూడా కలపలేదు. ఆ రోజుకి పాఠం అంతే.

అప్పటికే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బందులు, ధర్నాలు, చౌరస్తాల్లో దీక్షా శిబిరాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో తెలంగాణ పిల్లలు, పక్క హాస్టల్లో కోస్తా పిల్లలు. నిన్నటిదాకా ఒకే బండి దగ్గర టీ తాగినవాళ్ళు కళ్ళు కలపడం మానేశారు. బందు రోజు సారు క్లాసు పెట్టేవారు కాదు. ఎవరైనా వచ్చి మూయించేదాకా ఆగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఒక బందు మర్నాడు పాశ్చాత్య పత్రికలు టిబెట్ అల్లర్లను రాసిన తీరు గురించి చెబుతున్నారు. నా మిత్రుడు లేచాడు.

"సార్, చైనాను వేరేటోళ్ళ కండ్లతో చూడొద్దని చెప్తున్నరు. మంచిదే. మరి మమ్మల్ని మీరు ఎవల కండ్లతో చూస్తున్నరు?"

ముందు వరసలో కోస్తా వాళ్ళు తలలు తిప్పి వాణ్ణి చూశారు. సారు చేతిలో కాగితం మడిచారు.

"మీరేమనుకుంటున్నారండీ?"

"మీ పేపర్లల్ల మమ్మల్ని పని చాతగానోళ్ళని రాస్తరు. బస్సులు పలగ్గొట్టేటోళ్ళని రాస్తరు. మా ఊర్లె నీళ్ళు ఎట్లుంటయో ఒక్కడన్న వచ్చి చూసిండా సార్? మీరు చూసిండ్రా?"

"లేదండి" అన్నారు సారు. "చూడలేదు." వాడి బెంచీ దాకా వచ్చి, "మీ ఊరు వస్తాను. మీ ఇంట్లో ఉండనిస్తారా?" అని అడిగారు.

మాట వరసకన్నారనుకున్నాం. ఆ వారమే సెలవు పెట్టి ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సెక్కారు. మిత్రుడే తీసుకువెళ్ళాడు. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయిన ఊరు అది. వాడి నాయనమ్మకు నడుము ఒంగిపోయింది. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఆమె సారు వైపు అలా మొత్తంగా తిరిగి, "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగిందట.

"కృష్ణ ఒడ్డునమ్మా, గుంటూరు వైపు."

"అట్లనా. గా కృష్ణ మా జిల్లా మీదికెల్లే పోతదట కదా" అందట ఆమె. అందులో నిష్ఠూరం లేదని, ఉంటే బాగుండేదని సారు తర్వాత మాతో అన్నారు. అతిథి కోసం బయట కొన్న మంచినీళ్ళు లోటాలో పోసి ఇచ్చి, తాను బోరు నీళ్ళే తాగిందట ఆమె.

తిరిగివచ్చిన రోజు సారు బోర్డు మీద ఏమీ రాయలేదు. "మొన్న నన్నడిగిన ప్రశ్నకి జవాబు చెబుతాను" అని మొదలుపెట్టారు. "ఇరవై ఏళ్ళుగా ఎల్బీనగర్లో ఉంటున్నాను. మా ఇంటి ముందు నుంచే నల్లగొండ బస్సులు పోతాయి. నేను విజయవాడ బస్సులే ఎక్కాను. మిమ్మల్ని నేను మా పేపర్ల కళ్ళతోనే చూశానండి. ఎవరో తెల్లవాడు చైనాని అలా చూస్తున్నాడని మీకు ఇన్నాళ్ళూ పాఠం చెప్పాను." ఆ తర్వాత ఆ ఊరి గురించి, నీళ్ళ గురించి, నాయనమ్మ గురించి చెప్పారు. రాష్ట్రం విడిపోవాలో వద్దో తనకు ఇంకా తెలియదని కూడా చెప్పారు. నా మిత్రుడు తల వంచుకుని కూర్చున్నాడు. ముందు వరస అమ్మాయి ఒకామె, భీమవరం వైపు పిల్ల, లేచి వాడి ఊరికి ఏ బస్సు ఎక్కాలని అడిగింది.

ఆ మాటలు సెంటర్ యాజమాన్యం చెవిన పడ్డాయి. వాళ్ళూ కోస్తావాళ్ళే. చెడ్డవాళ్ళని అననుగాని భయపడిపోయి ఉన్నారు. "చైనా గురించి ఏమైనా చెప్పుకోండి మాష్టారూ, ఇక్కడి గొడవ మాత్రం వద్దు" అన్నారట.

"రెండూ ఒకటే పాఠమండి. రెండోది చెప్పకపోతే మొదటిది అబద్ధమవుతుంది" అని చెప్పి, సారు ఆ సాయంత్రమే మానేశారు.

మేం ఊరుకోలేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ పక్కన ఒక కమిషన్ దుకాణం మీద రేకుల హాలు దొరికింది. మాలో సగం మంది అక్కడికి మారిపోయాం. తెలంగాణ వాళ్ళూ వచ్చారు, కోస్తా వాళ్ళూ వచ్చారు. ఎండాకాలం పాఠం నడుస్తుంటే కింద నుంచి మామిడిపండ్ల వాసన, హమాలీల కేకలు. మధ్యలో లారీ హారన్ కొడితే సారు ఆగి, అది అయ్యాక సరిగ్గా అదే మాట దగ్గర మొదలుపెట్టేవారు. ఆయన జామకాయ తింటూ పాఠం చెప్పడం అక్కడే చూశాను. మా వాదన ముదిరితే తాను చివరి బెంచీకి వెళ్ళి కూర్చునేవారు. "కోపం తెచ్చుకోండి. కానీ అది మీ కోపమేనా, ఎవరైనా మీకు అద్దెకిచ్చారా, ఒకసారి చూసుకోండి" అనేవారు.

ఉద్యమంవాళ్ళలో కొందరికి ఆయన మీద అనుమానం ఉండేది. ఆంధ్ర సారు మనకు చెప్పేదేంది అన్నారు. ఆయన ఒక పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్ళి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చున్నారు. ఎవరో మైకు ఇవ్వబోతే, "నేను మాట్లాడటానికి రాలేదండి, వినడానికి వచ్చాను" అన్నారు. పొద్దుగూకే దాకా విన్నారు. నినాదం ఒక్కటీ ఇవ్వలేదు. లేచి వస్తుంటే, అనుమానించిన వాళ్ళలో ఒకాయన ఆయన చెప్పులు వెతికి ముందుకు జరిపాడు.

వాళ్ళ కాలనీలో ఇంకో రకం భయం. అక్కడ ఉన్నవాళ్ళు ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. ఒక సాయంత్రం పుస్తకం కోసం వెళితే, సారు ఇంటి వరండాలోనే కాలనీ పెద్దల సమావేశం నడుస్తోంది. రిటైరైన ఇంజినీరుగారు ఒకాయన, "రాష్ట్రం విడిపోతే మనల్ని ఉండనివ్వరట. ముందే అమ్ముకుని పోవడం మేలు" అంటున్నారు.

"ఎవరన్నారండీ?" అని అడిగారు సారు.

"పేపర్లో వస్తూనే ఉంది కదా."

"మీ ఎదురింటాయన తెలంగాణ ఆయనే. ఆయనేమన్నాడు?"

"ఆయనేమంటాడు, పాపం, మంచివాడే. ఆయనేమీ అనలేదు."

"మీరు అడిగారా?"

ఇంజినీరుగారు ఎదురింటి గేటు వైపు చూశారు. సారు మెల్లగా అన్నారు: "ఎక్కడో కూర్చుని చైనా గురించి రాసేవాళ్ళని నేను రోజూ తప్పుపడుతుంటాను. వాళ్ళకైతే సముద్రాలు అడ్డం. మనకి అడ్డం ఉన్నది ఒక వీధండి."

ఎవరూ ఇల్లు అమ్మలేదు. ఇంజినీరుగారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు.

నేను గ్రూప్స్ రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. బోర్డులో ఒకాయన చైనా ప్రభుత్వం గురించి అడిగారు. ఏది తెలుసో, ఎవరు చెబితే తెలిసిందో, ఏది తెలియదో, మూడూ చెప్పాను. "అంటే మీరు చైనాను సమర్థిస్తున్నారన్న మాట" అన్నారాయన. "లేదు సార్, చూస్తున్నాను" అన్నాను. ఉద్యోగం రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని అనుకోను, నాకు మార్కులే తక్కువ. సారుకు చెబితే, "ఆ జవాబు ఇచ్చినందుకు నేను మీకు ఉద్యోగం ఇచ్చేవాణ్ణి. కానీ నా దగ్గర ఉద్యోగాలు లేవండి" అన్నారు. తాపీమేస్త్రీ కూతురిని అంత గర్వంగా అప్పటిదాకా ఎవరూ చూడలేదు, మా నాన్న తప్ప.

రాష్ట్రం వచ్చిన రోజు నా మిత్రుడు ఊళ్ళో డప్పుల మధ్య నుంచి ఆయనకు ఫోన్ చేశాడు. సారు మనస్ఫూర్తిగా అభినందించి, "మీ నాయనమ్మగారికి మంచినీళ్ళు ఎప్పుడొస్తాయో అడుగుతూ ఉండండి. ప్రభుత్వం మనదైందని అడగడం మానేస్తేనే ప్రమాదం. చైనావాళ్ళకి ఆ అడిగే దారి చిన్నది. మీకు పెద్దదే ఉంది, వాడుకోండి" అన్నారట. వాడు ఆ మాటను ప్రతి ఏటా తన క్లాసులో చెబుతాడు.

నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కులో చేరాను. విదేశీ ఏజెన్సీల నుంచి ఇంగ్లిషులో వచ్చే వార్తల్ని తెలుగు చేయడం పని. ఒకరోజు ఒకే గంటలో రెండు వార్తలు వచ్చాయి. ఒక పాశ్చాత్య దేశంలో నిరసనకారుల్ని అరెస్టు చేశారు, ఆ వార్త మాటల్లో అక్కడ చేసింది ప్రభుత్వం. చైనాలో అరెస్టు చేశారు, అక్కడ చేసింది పాలకముఠా. మా డెస్కువాళ్ళు ఆ మాటల్ని తెలుగులోకి అలాగే దించేశారు. నేను డెస్క్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి, రెండుచోట్లా ప్రభుత్వమనే రాద్దామన్నాను. ఆయన తలెత్తి, "ఏమ్మా, చైనా మీద ప్రేమా?" అన్నారు. "అరెస్టులు రెండూ వేద్దాం సార్, ఒక్కటీ తగ్గించొద్దు. మాట ఒకటే పెడదాం" అన్నాను. ఆయన పెన్నుతో దిద్దారు. అప్పటి నుంచి మా డెస్కులో అదే పద్ధతి.

సంతోషం పట్టలేక సారుకు ఫోన్ చేశాను. అంతా విని, "చాలా బాగుందండి. మరి చైనా ప్రభుత్వం ఇచ్చే ప్రకటనలు కూడా వస్తాయి కదా మీకు. వాటిలో విశేషణాలు కొడుతున్నారా?" అని అడిగారు. కొట్టడం లేదని అప్పుడు తట్టింది. మర్నాటి నుంచి అవీ కొట్టాను.

పెద్దకర్మ రోజున ఎల్బీనగర్ వెళ్ళాం. లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఆయన భార్యను మేమందరం మేడం అంటాం. మేడం ఏడుపు మొహంతో లేరు, వచ్చినవాళ్ళందరినీ పేరుపేరునా భోజనానికి కూర్చోబెట్టారు. నా మిత్రుడు వచ్చాడు, భీమవరం అమ్మాయి వచ్చింది, ఇంజినీరుగారూ ఎదురింటాయనా కలిసి వడ్డన చేశారు.

భోజనాలయ్యాక హాల్లో కూర్చున్నాం. మూలన టీవీలో శబ్దం తగ్గించిన వార్తలు. చైనా మీద ఏదో పాశ్చాత్య దేశం కొత్త ఆంక్షలు పెట్టిందని కింద స్క్రోలింగ్ పోతోంది. మిత్రుడు చదివి, "గిది న్యాయమైతే కాదు" అన్నాడు. "ఎందుక్కాదు, ఆ ప్రభుత్వం చేసింది మాత్రం న్యాయమా?" అంది భీమవరం అమ్మాయి. ఎవరు చెప్పారు అని ఒకరు, నువ్వెక్కడ చదివావు అని ఒకరు. నేనూ అందుకున్నాను. గొంతులు పెరిగాయి. చావింట్లో ఉన్నామన్న సంగతి గుర్తొచ్చి, ఒక్కసారిగా అందరం ఆగిపోయి మేడం వైపు చూశాం.

మేడం గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆలస్యంగా వచ్చిన పాత విద్యార్థి ఒకాయన ఆమె వెనక కూర్చునే చోటు లేక నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి వచ్చి, దండ వేసిన సారు ఫోటో ఉన్న స్టూలును రెండు చేతులతో పట్టుకుని గోడవైపు జరిపారు. ఖాళీ అయిన జాగాలో ఒక కుర్చీ తెచ్చి వేశారు.

"కూర్చోండి" అన్నారు అతనితో. తర్వాత మావైపు తిరిగి, "ఆపేశారేం, కానివ్వండి" అన్నారు.